దాలయ్య నేర్పిన ముడి

బుధవారం నాడు ఆపరేషన్ బల్ల దాకా వెళ్ళి, ఒంటి మీద కత్తి గాటైనా పడకుండా ఇంటికొచ్చేసిన దాలయ్య, ఆదివారం సాయంత్రానికల్లా మెడికల్ కాలేజీ గేటు ఎదురుగా లక్ష్మణమ్మ టీ బడ్డీ ముందున్న బెంచీ ఎక్కి, సర్జరీ డిపార్ట్‌మెంటు మొత్తాన్ని పేరుపేరునా దుమ్మెత్తిపోస్తున్నాడు.

"ముప్పై ఒక్క ఏడు! ముప్పై ఒక్క ఏడు ఆ థియేటర్లో నా సెమట కారింది. అలాటి నాకు ఆల్లు సేసిన మర్యాద ఏటో తెలిస్తే మీ కళ్ళంట నీల్లు కాదు, రగతం వస్తాది!"

లక్ష్మణమ్మ పొంగుకొస్తున్న పాలని గరిటెతో ఒక తిప్పు తిప్పి మంట తగ్గించింది. ఆమె గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. గిరాకీ వాళ్ళు రెండోసారి అడిగితే గాని బాకీ చిల్లర ఎంతో వినపడదు. ఆదివారం పొద్దున్నే అరసవల్లి వెళ్ళి స్వామికి దణ్ణం పెట్టుకుని వచ్చాకే పొయ్యి వెలిగిస్తుంది. ఆ రోజు బడ్డీలోకి ఉల్లిపాయ రానివ్వదు, అరటికాయ బజ్జీలే.

దాలయ్య ఆమెకి పినతండ్రి కొడుకు, ఆమెని అప్పా అని పిలిచే తమ్ముడు. వాళ్ళ ఇంటివాళ్ళలో ఎవరు ఏ తిథినాడు పుట్టారో, ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగి పీటల మీంచి లేచిపోయారో, అన్నీ ఆమె నోటనే ఉంటాయి. దాలయ్య ఐదేళ్ళ వయసులో రేవులో ఎండ్రకాయ కరిస్తే, "సొరసేప కరిసింది, దాని పన్ను ఇరగ్గొట్టీసినాను" అని ఊరంతా చెప్పుకున్నాడన్నది కూడా ఆమెకి జ్ఞాపకమే. పెద్దయ్యాక అతను ఆ కాలేజీ సర్జరీ డిపార్ట్‌మెంటులో థియేటర్ అటెండరయ్యాడు. రోగుల్ని స్ట్రెచర్ మీద తోసుకెళ్ళడం, డాక్టర్లు చెప్పినవైపు లైటు తిప్పడం, నెత్తురు గుడ్డలు బకెట్లో లెక్కపెట్టి తీసెయ్యడం అతని పని. మంచిగా చేశాడు. రెండేళ్ళ కిందట రిటైరయ్యాడు. ఆ పైనే ఈ కోతలు ముదిరాయి.

ఆ పొద్దున్న అతని పెళ్ళాం ఈశ్వరి బడ్డీ దగ్గరకొచ్చి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. "వదినా, బుధారం కరెంటు నేదని ఎనక్కి పంపించీసినారట. మల్లా ఎప్పుడు రమ్మన్నారని అడిగితే మీదకి నెగుస్తన్నాడు. గజ్జల్లో ముద్ద కోడిగుడ్డంత అయిపోనాది. రేత్రిళ్ళు దాన్ని సేత్తో నొక్కుకుని కూకుంటన్నాడు. నీ మాటైతే ఇంటాడు వదినా."

ఈశ్వరి వెళ్ళిన కాసేపటికి డాక్టర్ నీలవేణి టీకి వచ్చింది. బొబ్బిలి దగ్గర రైతుల పిల్ల. సర్జరీలో పీజీ చేస్తోంది, రెండో ఏడు. ఆ డిపార్ట్‌మెంటు పిల్లలందరికీ ఒక అలవాటుంది. టీ చల్లారేలోగా జేబులోంచి నల్ల పట్టుదారం తీసి, బెంచీకి వెనక ఉన్న ఇనుప కమ్మీకి ఒంటి చేత్తో ముళ్ళు వేస్తారు. కడుపు లోపల, వేలు తప్ప కన్ను వెళ్ళని చోట వెయ్యాల్సిన ముడి అది. ఇక్కడ గ్లాసు ఒక చేత్తో పట్టుకుని, కబుర్లాడుతూ, చూడకుండా వేసి నేర్చుకుంటారు. ఆ కమ్మీ పొడుగునా చీమలబారులా నల్ల ముళ్ళు. లక్ష్మణమ్మ బెంచీ తుడుస్తుంది గాని వాటిలో ఒక్కటీ కొయ్యదు.

"కరెంటు లేకపోవడమేంటమ్మా?" అంది నీలవేణి, లక్ష్మణమ్మ అడిగినదానికి, ఎడం చేత్తో ముడి బిగిస్తూ. "కరెంటు ఉంది. ఆయనే లేరు. బల్ల మీద పడుకున్నారు, మత్తు డాక్టరు గారు సూది తీస్తున్నారు. జగన్నాధం సారు నాతో, 'నీలవేణీ, ఈరోజు నువ్వు చెయ్యి, నేను పక్కన నిలబడతాను' అన్నారు. ఆ మాట విని, బాత్‌రూమ్‌కని లేచి వెళ్ళారు. అంతే."

"మల్లా సేస్తారా తల్లీ?"

"రేపు మొదటి కేసుగా పెట్టించాను. ఏడింటికల్లా రావాలి. ఇప్పుడైతే చిన్న పని. ఆ హెర్నియాలో పేగు ఇరుక్కుందంటే మాత్రం చేతిలో గంటలే ఉంటాయి." ఆ పిల్ల కొంచెం ఆగి, కళ్ళు దించుకుని అంది: "నేను ముట్టుకోవద్దంటే ముట్టుకోనమ్మా. సారే చేస్తారు. ఆయన్ని రమ్మని చెప్పండి చాలు."

గ్లాసు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. ఆ చివరి మాట మాత్రం లక్ష్మణమ్మ గుండెలో ముల్లులా దిగి, సాయంత్రం దాకా కదలలేదు.

ఇప్పుడు దాలయ్య చేరబడి కూర్చున్నది ఆ కమ్మీకే. ఒకపక్క ఆటో గంగులు, ఇంకోపక్క కోటబొమ్మాళి నుంచి వచ్చిన నరసింగరావు. నరసింగరావు అన్నగారు ఆ సర్జరీ వార్డులోనే ఉన్నాడు, మంగళవారం ఆపరేషను. పాపం, ఆ మనిషి టీ గ్లాసు పట్టుకున్నాడే గాని తాగడం మర్చిపోయాడు.

"అసలు ఆ డిపార్ట్‌మెంటులో సదువు సెప్పింది ఎవులనుకుంతన్నారు?" అన్నాడు దాలయ్య.

"ప్రొఫెసర్లు గదా బావూ?" అన్నాడు నరసింగరావు.

"ప్రొఫెసర్లా! ఆల్లు సెప్పింది బోర్డు మీద. సేతికి సెప్పినోన్ని నాను. మొదట్లో మాట సెప్తాను ఇనండి. నాను కొత్తగా సేరిన ఏడు. ఒక హౌస్ సర్జన్ బాబు ముడేస్తన్నాడు, జారిపోతన్నాది, ఏస్తన్నాడు, జారిపోతన్నాది. నాను బకెట్టు పట్టుకుని పక్కనే ఉన్నాను. మరి మా తాత ముత్తాతలు ఏటి సేసినారు? వలలు అల్లినారు. ఒరే బాబూ, ఇటియ్యి అని దారం అందుకుని, మా నాన్న వలకేసే ముడి ఒకటి ఏసి సూపించినాను. అంతే. బాబు నోరు ఎల్లబెట్టీసినాడు."

ఇంతవరకూ నమ్మవచ్చు. లక్ష్మణమ్మ కూడా తలూపింది; వాళ్ళ పినతండ్రి వలముడి నిజంగానే మంచిది.

"ఆ తర్వాత ఏటయ్యిందో తెలుసేటి?"

"సెప్పు మావా," అన్నాడు గంగులు, బజ్జీ కొరికి.

"మర్నాడు పొద్దున్న బకెట్లు కడిగే గదికి ఎల్దును గదా, అరవై మంది పిల్లలు! ఒకల మీద ఒకలు! అన్నయ్యా ముడి నేర్పు, అన్నయ్యా ముడి నేర్పు అని. అక్కడ ప్రొఫెసరు గారి క్లాసులో ఈగ నేదు. ఆయన ఎతుక్కుంటూ ఎతుక్కుంటూ వచ్చి, గుమ్మం కాడ నిలబడి, ఇని, ఇని, ఆకరికి ఒక బకెట్టు బోర్లేసుకుని ఎనకాల కూకుని నోట్సు రాసుకున్నాడు! సూసినారా? అలాటి మడిసిని నాను. నన్ను! నన్నేటి సేసినారు? ఉండండి, అక్కడికే వస్తన్నాను."

"ముల్లేనా, కొయ్యడం కూడా నేర్పినావా?" అన్నాడు గంగులు.

"ఓరి అమాయకుడా, కొయ్యడం ఎవులైనా కోస్తారు. కసాయోడు కొయ్యడేటి? అతకడం కదరా ఇద్దె! పిల్లలకి కుట్టు నేర్పడానికి నాను మేకకాల్లు తెప్పించినాను. నాలుగు కాల్లు నలుగురు పిల్లలకి ఇచ్చి, తోలు కోసి మల్లా కుట్టండి అన్నాను. అందులో ఒక ఆడగుంట, సేతి ఒడుపున్న పిల్ల, నా సెయ్యి సూసి సూసి నాలుగు కాల్లూ కలిపి కుట్టీసినాది. ఆ కుట్టు ఎంత పసందుగా పడిందంటే, కాల్లు నెగిసి నిలబడిపోనాయి. నిలబడి ఊరుకున్నాయా? నడిసి, మెట్లు దిగి, గేటు దాటి ఎల్లిపోనాయి!"

"తల నేకుండానా?"

"తల నేదు గాబట్టే గదరా అరవనేదు. అరవనేదు గాబట్టే వాచ్‌మేను పట్టుకోనేదు!"

నరసింగరావుకి ఆ దిగుల్లోనూ నవ్వు ఆగలేదు. టీ తొణికి పంచె మీద పడింది. లక్ష్మణమ్మ తడిగుడ్డ అందించింది. నవ్వు తనకీ వచ్చింది గాని, దాలయ్య ఎడమచెయ్యి పంచెకట్టు దగ్గరే నొక్కిపెట్టి ఉండడం చూసి ఆగిపోయింది. అంత నవ్విస్తున్నవాడూ తను మాత్రం గట్టిగా నవ్వడం లేదు. నవ్వితే ముద్ద బయటికి తోసుకొస్తుంది.

"అరటి బోదె సంగతి సెప్పనేదు గదా మీకు! కత్తి ఎంత లోతు దిగాలో తెలవడానికి బోదె మీద కోయించేవోన్ని. కోయించి, కుట్టించి, సాయంత్రం పెంటకుప్ప మీద పారీసినాను. మూడోనాటికి ఆకేసింది. నెలకి గెలేసింది! ఆ పళ్ళు ఒలిస్తే ఏటుందో తెలుసేటి?"

"గుజ్జు ఉంటాది."

"గుజ్జు మీద కుట్లు! ఒక్కో పండుకి పన్నెండేసి కుట్లు. ప్రొఫెసరు గారు తింటానికి మనసొప్పక అద్దాల బీరువాలో దాసుకున్నాడు. అలాటి సదువు రా అది! ఇప్పుడేటి తెచ్చినారు? రబ్బరు బొమ్మ! ఏసీ గదిలో రబ్బరు బొమ్మని పడుకోబెట్టి, దాని మీద నేర్సుకుంటన్నారు. రబ్బరు అమ్మా అంటాదా? అబ్బా అంటాదా? నన్ను పిలిసి, దాలయ్యా, ఈ బొమ్మ కొనమంటావా అని ఒక్క మాట అడిగినారా? అడగనేదు!"

కోపంతో అతని చెవులు ఎర్రబడ్డాయి. ఇంకో బజ్జీ అందుకోబోయి, ముద్ద నొప్పి గుర్తొచ్చినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లక్ష్మణమ్మ అది కూడా చూసింది.

"పరీచ్చలప్పుడు ఈల్లని పాసు సేయించింది ఎవులు? యూనివర్సిటీ నుంచి పరీచ్చ సేసే డాక్టర్లు వచ్చినారు. పులులు! ఒకాయన మీసం సూసే ఇద్దరు పిల్లలు కళ్ళు తిరిగి పడిపోనారు. నాను తలుపు కాడ స్ట్రెచర్ పట్టుకుని నిలబడి, పిల్లలకి ముందే సెప్పి ఉంచినాను. ఒక దగ్గు దగ్గితే అపెండిక్సు, రెండు దగ్గితే పిత్తాశయం, గొంతు సవరిస్తే హెర్నియా. ఆ రోజు నా కర్మకాలి జలుబు సేసీసింది! ఆపకుండా దగ్గు. ఒక గుంటడు నా దగ్గులన్నీ లెక్కెట్టి, రోగానికి రోగం సెప్పుకుంటా పోనాడు. పద్దెనిమిది రోగాలు సెప్పినాడు, ఒక్క రోగికి! మీసాలాయన రోగిని మల్లా పరీచ్చ సేస్తే ఏటి తేలింది?"

"పద్దెనిమిదీ ఉన్నాయేటి?"

"పంతొమ్మిది! నా ఆకరి దగ్గు ఆడికి ఇనపడనేదు. అయినా దేశానికే ఫస్టు వచ్చినాడు."

"ఓలమ్మో!" అని గంగులు తొడ చరుచుకున్నాడు.

దాలయ్య ఇక ఆగే మనిషా? లేచి నిలబడ్డాడు. నిలబడడంలో ముఖం ఒకసారి ముడుచుకుపోయింది గాని, వెంటనే సర్దుకుని గొంతు పెంచాడు.

"ఇయన్నీ ఒక ఎత్తు. తుఫాను నాటి మాట ఒక ఎత్తు. ఆ గాలికి ఆసుపత్రి రేకులు గాలిపటాల్లా లెగిసిపోతన్నాయి. కరెంటు నేదు, జనరేటర్లోకి నీల్లు. అలాటప్పుడు పేగు మెలిక పడిపోయిన మడిసిని తెచ్చినారు. ప్రొఫెసరు గారు నా బుజం మీద సెయ్యేసి, దాలయ్యా, బారం నీదే అన్నాడు. నాను ఒక సేత్తో తలుపు, ఒక సేత్తో లాంతరు, ఒక కాలితో గాలి కొట్టే తిత్తి, కనుబొమ్మలతో పిల్లలకి పాఠం! ఎడం బొమ్మ ఎగరేస్తే కొయ్యండి, కుడి బొమ్మ ఎగరేస్తే పట్టండి. కడుపు తెరిసినారు. మెలిక ఎక్కడుందో కనిపించదు. లాగండి అన్నాను. పేగు లాగుతన్నారు, వస్తన్నాది, లాగుతన్నారు, వస్తన్నాది. థియేటర్ నిండిపోనాది. ఒక్కో మూరకి ఒక్కో స్టూడెంటుని నిలబెట్టినాను. వరండా నిండిపోనాది. మెట్లు దిగింది. గేటు దాటింది. ఇదిగో, ఈ రోడ్డు మీద, ఆ వర్సంలో, నూటాయాభై మంది డాక్టరు పిల్లలు బారుగా నిలబడి, రేవులో పెద్దవల లాగినట్టు ఐలేసా, ఐలేసా..."

"రోడ్డు మీదకి పేగొచ్చిందేటి మావా?"

"రోడ్డేటి రా, అరసవల్లి గుడి మలుపు దాకా ఎల్లింది! మెలిక అక్కడ దొరికింది. ఒక ఎమ్మెస్సు స్టూడెంటు అక్కడ మెలిక ఇప్పి కేకేస్తే, నాను ఇక్కడ్నుంచి సుట్టుకుంటూ సుట్టుకుంటూ తెచ్చి లోపల సర్దించీసినాను. సర్దినాక సూస్తే ఒక మూర మిగిలిపోనాది."

నరసింగరావు ఉండబట్టలేక అడిగాడు. "మిగిలినదాన్ని ఏటి సేసినారు బావూ?"

"ముడేసి లోపలెట్టీసినాను! ఇప్పటికీ ఆ మడిసి గట్టిగా నవ్వితే బొడ్డు కాడ ముడి కదులుతాది. ఇప్పుడు సెప్పండి! ఇంత సేసిన నన్ను, బుధారం నాడు, ఆ బల్ల మీద, నాను కడిగి కడిగి అరిగించీసిన బల్ల మీద పడుకోబెట్టి, ఆ జగన్నాధం ప్రొఫెసరు ఏటన్నాడు? నిన్నగాక మొన్నొచ్చిన ఆడగుంటని పిలిసి, నువ్వు కొయ్యమ్మా అన్నాడు! నా కడుపు ఆల్లకి పలకేటి, అ ఆలు దిద్దుకోడానికి? నాను ఏటి బోదెనా? మేకకాలునా? అందికే, బల్ల దిగి, ఆయన మొకం మీద సెప్పీసినాను. సారూ, మీ డిపార్ట్‌మెంటుకి నా నమస్కారం, అన్నాను. ప్రొఫెసరు నా సేతులు రెండూ పట్టుకున్నాడు. మత్తు డాక్టరు బోరుమన్నాడు. నర్సమ్మలు, పీజీలు, రోగులతో సహా గేటు దాకా ఎనకాలే వచ్చి దణ్ణాలెట్టి సాగనంపినారు!"

గంగులు బజ్జీ మింగి, మెల్లగా అన్నాడు. "మావా, బుధారం నిన్ను గేటు కాడ ఎక్కించుకున్నది నానే గదా."

"అయితే?"

"నీ ఎనకాల ఎవులూ నేరు. నువ్వే లగెత్తుకుంటూ వచ్చినావు. ఆపరేషను గౌను తొడుక్కునున్నావు. ఎనకాల తాళ్ళు కట్టుకోనేదు. సీటు సల్లగా ఉన్నాదిరా అని కూడా అన్నావు."

బడ్డీ చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కసారి గొల్లుమన్నారు. దాలయ్య కనురెప్ప కొట్టలేదు.

"అది గౌనేటి రా! అది డిపార్ట్‌మెంటు ఓల్లు నాకు కప్పిన శాలువా! పచ్చ శాలువా! సన్మానం శాలువాకి ఎనక తాళ్ళుంటాయేటి? ముందునుంచే కప్పుతారు!"

లక్ష్మణమ్మ కూడా నవ్వును దాచుకోలేక మొహం పొయ్యి వైపు తిప్పుకుంది. మాట ఆ నవ్వుతోనే పోయి ఉంటే ఆమె అసలు నోరు విప్పేదో లేదో తెలీదు. కాని నరసింగరావు నవ్వలేదు. గ్లాసు బెంచీ మీద పెట్టి లేచాడు.

"మీరు నవ్వులాటకి సెప్తన్నారు గానీ బావూ, లోపలి సంగతులు మీకు తెలిసినంత మాకు తెలీదు. ముప్పై ఏళ్ళు అక్కడ సేసిన మీరే ఆ పిల్లల సేతిలో పడకుండా వచ్చీసినారంటే... మా అన్నకి కూడా పీజీలే సేస్తారట. నాను ఇప్పుడే ఎల్లి పేరు కొట్టించీసి ఊరికి తీసుకుపోతాను."

"మంచి పని సేస్తన్నావు," అన్నాడు దాలయ్య. అన్నాడు గాని, గొంతులో ఇందాకటి ఊపు లేదు.

లక్ష్మణమ్మ పొయ్యి కట్టేసింది. చెయ్యి తుడుచుకుంది. "నరసింగరావు గారూ, కూకోండి," అంది. ఎప్పటి గొంతే. అయినా అందరూ అటు తిరిగారు. ఆమె తనంతట తాను మాట్లాడడం ఆ బెంచీ మీద ఎవరూ అంతగా ఎరగరు.

"దాలయ్యా. పదకొండేళ్ళ కిందట, కార్తీకమాసం, రెండో సోమారం ఎల్లిన మర్నాడు. నాకు అపెండిక్సని ఆ థియేటర్లోకి తోసుకెళ్ళింది ఎవులు?"

"నానే గదప్పా. ఇప్పుడా మాటలెందుకు?"

"నడుం కాడ సూదేసినారు. కాల్లు తెలవ్వు గానీ సెవులు ఇనిపిస్తన్నాయి నాకు. ధర్మేంద్ర అని ఒక పీజీ బాబు కత్తి పట్టుకున్నాడు. సారూ, సెయ్యి ఒణుకుతన్నాది అన్నాడు. నాను ఆ మాట ఇన్నాను. ఆదిత్యా, సూర్యనారాయణా అని గట్టిగా ఏడిసీసినాను. నన్ను దింపీయండి, పెద్ద సారైతేనే సేయించుకుంతాను అన్నాను. అప్పుడు నా తలకాడ నిలబడి, నా నుదుటి మీద సెయ్యేసి మాటాడినోడు ఎవులు?"

దాలయ్య పంచెకట్టు సర్దుకున్నాడు.

"నువ్వు మర్సిపోనావు. నాను మర్సిపోనేదు. 'అప్పా, ఎవులో ఒకరి కాడ నేర్సుకోకపోతే డాక్టర్లు ఎక్కడ్నుంచొస్తారు? ఈ బాబు ఈ రోజు నీ కాడ నేర్సుకుంటే రేపు వెయ్యి మందిని నిలబెడతాడు. ఎనక సారున్నాడు. ఎదర నానున్నాను. ఓర్సుకో.' అదీ నువ్వన్న మాట. నా కుట్టు మూడోకాడ వంకర పోనాది. ఇప్పటికీ నీల్లోసుకున్నప్పుడు సేతికి తగుల్తాది. తగిలినప్పుడల్లా ఆ బాబు సల్లగుండాలని దణ్ణం ఎట్టుకుంతాను. ఇప్పుడు బొబ్బిలిలో ఆయన కాడ పొద్దున్న ఎల్తే మద్దేనానికి గాని వంతు రాదు."

ఆమె ఊపిరి తీసుకుంది. గొంతు పెరగలేదు.

"పేగులు రోడ్డు మీద పరిసినావు, నవ్వినాను. కాల్లు నడిపించినావు, నవ్వినాను. అబద్దాలకి నాకు కోపం నేదు. ఒక్కదానికే కోపం. నా కడుపు మీద నేర్సుకున్నప్పుడు అది సదువు. ఊల్లోంచొచ్చిన కూలోల్ల కడుపుల మీద నేర్సుకున్నప్పుడు అది సదువు. ముప్పై ఒక్క ఏడు అందరికీ ఓర్సుకో ఓర్సుకో అని సెప్పి, నీ కడుపు కాడికొచ్చీసరికి అది అవమానం అయిపోనాదా? ఆ పిల్ల పొద్దున్న ఇక్కడికొచ్చి, రేపు ఏడింటికి మొదటి కేసు నీదే అని సెప్పి, నాను ముట్టుకోనమ్మా, ఆయన్ని రమ్మనండి చాలు, అనీసి ఎల్లింది. ఒక డాక్టరు సేత ఆ మాట అనిపించినావు. నీకు సిగ్గునేదా?"

రోడ్డు మీద బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

"సిగ్గుకేటప్పా," అన్నాడు దాలయ్య, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో. "కింద పడుకుని ఆ లైటు సూడడం అదే మొదలు. ముప్పై ఏళ్ళూ నాను తిప్పిన లైటే. పైనుంచి సూస్తే అలగుండదు. నాకు బయ్యమేసింది."

అతను అబద్ధం ఆడకుండా మాట్లాడగా గంగులు వినడం అదే మొదటిసారి. నోట్లో బజ్జీ నమలడం మానేశాడు.

లక్ష్మణమ్మ బడ్డీ దిగి వచ్చి, బెంచీ వెనకాల కమ్మీ మీద వేలు పెట్టింది. "ఇటు సూడు. అన్నిటికన్నా ఇటు సివర. ఇది ఆ పిల్ల ముడి. పొద్దున్న ఎడం సేత్తో, నాతో మాటాడుతా, కమ్మీ కేసి సూడకుండా ఏసింది. నువ్వు ముల్లకి గురువ్వి గదా. అరవై మందికి నేర్పినావు గదా. ఇప్పు."

దాలయ్య కళ్ళజోడు పెట్టుకున్నాడు. వంగి గోటితో గీకాడు. తిప్పి, కుడి గోటితో గీకాడు. రెండు చేతులూ పెట్టాడు. అటు తోశాడు, ఇటు తోశాడు. నాలిక కొన బయటికొచ్చింది. ఆఖరికి మోకాళ్ళ మీద కూర్చుని పళ్ళతో పట్టుకున్నాడు. ఆవగింజంత నల్ల ముడి. ఇనుముకి కరుచుకుని కూర్చుంది. గంగులు ఫోను లైటు వేసి చూపించాడు. నరసింగరావు కూడా వంగి, ఊపిరి బిగబట్టి చూశాడు.

దాలయ్య లేచాడు, మోకాళ్ళ మట్టి దులుపుకుంటూ. ఆ ముడిని బొటనవేలితో ఇంకోసారి తడిమాడు. అతని మొహంలో ఏదో సర్దుకుంది. గొంతు సవరించుకున్నాడు.

"నరసింగరావు బావూ, మీ అన్నని అక్కడే ఉంచు. మంచి సేతులు. అప్పా, ఆ బజ్జీలు మా ఇంటికి కట్టొద్దు, రేత్రి పది దాటినాక మంచినీల్లు కూడా ముట్టకూడదు. ఒరే గంగులూ, పొద్దున్న ఆరున్నరకి ఆటో ఎట్టు."

"ఎడతాను మావా. ఆ శాలువా పట్టుకురా, మల్లా కప్పుతారు."

దాలయ్య ఆ మాట విననట్టే పది అడుగులు నడిచి, ఆగి, వెనక్కి తిరిగాడు. బడ్డీ దగ్గర ఉన్నవాళ్ళందరికీ వినపడేటట్టు అరిచి చెప్పాడు.

"ఆ ముడి ఎందుకు ఊడనేదో తెలుసేటి? ఆ పిల్లకి అది నేర్పినోన్ని నానే గదరా!"

నీలవేణి ఆ కాలేజీలో చేరేనాటికి దాలయ్య రిటైరయి అప్పుడే ఆర్నెల్లు. ఏ నెలో, ఏ వారమో కూడా లక్ష్మణమ్మకి తెలుసు. ఆమె మళ్ళీ పొయ్యి వెలిగించి, నరసింగరావుకి వేడి టీ పోసింది. ఆ ఒక్క అబద్ధాన్ని మాత్రం ముట్టుకోలేదు.